బుర్రోళ్ళు పోటు కొలిచిన వైనం

మొగపాలెంలో ఎవర్నడిగినా బుర్రోళ్ళ ఇల్లు చూపిస్తారు. ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే మొగ దగ్గర, నీళ్ళకు అందరికంటే ముందున్న తాటాకిల్లు వాళ్ళదే. పెద్దాడు ఎల్లాజీ, నడిపోడు మసేను, చిన్నోడు పోలన్న. ఎల్లాజీ పెళ్ళాం నూకాలమ్మ. బుర్రోళ్ళన్నది ఊళ్ళో జనం వెటకారానికి పెట్టిన పేరు. వీళ్ళు మాత్రం అది బిరుదనుకున్నారు.

"ఊళ్ళో ఇన్ని కొంపలున్నాయి కదా, బుర్రున్నది మన కొంపలోనే అని వాళ్ళే ఒప్పుకున్నారు" అనేవాడు ఎల్లాజీ, మీసం దువ్వుకుంటూ.

వాళ్ళ తెలివికి వాళ్ళ దగ్గర సాక్ష్యాలు కూడా ఉన్నాయి. ఒక వానాకాలం ఇంటికప్పు చిల్లు పడి ధారగా కురిసింది. ఇల్లు కురుస్తుంటే ఇంట్లో కూర్చునేవాడు వెర్రోడు అంది నూకాలమ్మ. అంతే, నలుగురూ చాపలు తీసుకుని బయటికెళ్ళి వానలో కూర్చున్నారు. ఇంట్లో ఒక్కరు కూడా తడవలేదు. ఆ సంగతి ఇప్పటికీ చుట్టాలకు చెప్పుకుంటారు.

వాళ్ళకో నావ ఉంది గాని దాని మీద వేటకెళ్ళరు. ఇంటి ముందు, ఏట్లో, గుంజకు కట్టేసి ఉంటుంది. పోనీ కూలికి తీసుకెళదామని ఊరివాళ్ళు ఒకసారి మసేనును వెంటబెట్టుకెళ్ళారు. నడిసముద్రంలో "వల వదులు" అన్నారు. మసేను వదిలేశాడు. తాడుతో సహా వదిలేశాడు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. "మనకు ఒడ్డు మీద పనుందని వాళ్ళకు తెలుసు" అన్నాడు మసేను.

ఒడ్డు మీద పని నిజంగానే వచ్చింది.

మొగ దగ్గర ఇసుక మేట వేసింది. పోటు బాగా ఉంటే తప్ప నావలు ఆ మేట దాటలేవు. పోటు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో పట్నంలో ఒక ఆఫీసు వాళ్ళు లెక్కగట్టి చెప్తారు. కాని ఆ లెక్క పెద్ద ఓడరేవుది. మొగపాలెం వచ్చేసరికి అది కుదిరేది కాదు. నిండుగా వస్తుందన్న రోజు మోకాలి లోతు కూడా వచ్చేది కాదు. ఆ ఏడాది రెండు నావలు మేట మీద ఇరుక్కుని నడుం విరిగాయి. ఒకాయనకు కాలు కూడా విరిగింది. ఊరంతా తలోచెయ్యీ వేసి ఒక పెద్ద నావ కట్టుకున్నారు. అది ఒడ్డు మీద దుంగలెక్కి కూర్చుంది. దాన్ని నీళ్ళలోకి దించాలంటే మంచి పోటు కావాలి. లెక్క తప్పితే అది కూడా పోతుంది.

ఊరిపెద్ద గురవయ్య పట్నం వెళ్ళి మొర పెట్టుకున్నాడు. ఆఫీసు నుంచి వైదేహి గారని ఒక ఆఫీసరమ్మ వచ్చింది. మొగ దగ్గర నిలువునా గీతలు గీసిన కొలకర్ర ఒకటి పాతించింది.

"ఇక్కడి నీళ్ళు ఎలా వస్తున్నాయో తెలిస్తే మా లెక్క సవరించుకోవచ్చు" అంది. "రోజూ పోటుకు నీళ్ళు ఏ గీతను తాకాయో ఎవరో ఒకరు చూసి చెప్పాలి."

మగాళ్ళంతా వేటకెళ్ళిపోతారు. ఆడవాళ్ళు చేపల గంపలతో సంతకెళ్ళిపోతారు. ఎప్పుడూ ఇంటిపట్టున ఉండేది బుర్రోళ్ళే. గురవయ్య నుదురు రుద్దుకున్నాడు. ఇంకేముంది, ఆ పని వాళ్ళకే పడింది.

"చూశావా అన్నా" అన్నాడు పోలన్న, "సముద్రానికి సందేహమొచ్చినా మన దగ్గరికే వస్తున్నారు."

వైదేహి గారు జీపెక్కుతూ ఒక మాటంది. "ఈ కర్ర మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచండి."

జీపు వెళ్ళిపోయింది. నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"ఒక కన్నేసి ఉంచమంది. ఎవరి కన్ను?" అన్నాడు మసేను.

"ఎవరిదని చెప్పలేదు" అన్నాడు ఎల్లాజీ. "చెప్పలేదంటే ఎవరిదైనా పర్లేదనే."

నూకాలమ్మ ఇంట్లోకెళ్ళి, కూరకు తెచ్చిన పండుగప్ప చేప తలలోంచి కన్ను తీసి, బంకమట్టితో కర్రకు అంటించింది. నలుగురికీ బరువు దిగినట్టయింది. హాయిగా భోంచేసి పడుకున్నారు. లేచేసరికి కాకి ఆ కన్ను ఎత్తుకుపోయింది. ఇంకేముంది, మళ్ళీ చేప, మళ్ళీ కన్ను, మళ్ళీ కాకి. వారం తిరిగేసరికి ఆ ఒడ్డున కాకులు తప్ప మనుషులు కనిపించలేదు.

వైదేహి గారు వచ్చి చూసింది. కర్ర పొడవునా బంకమట్టి, కాకి రెట్టలు.

"నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయి?" అని అడిగింది.

"అది కన్నుకే తెలియాలండి" అన్నాడు ఎల్లాజీ. "దాన్ని అడుగుదామంటే కాకి ఎత్తుకుపోయిందండి."

ఆవిడ మంచి మనిషి. కోప్పడలేదు. కర్ర కడిగించి, ఒక గీత దగ్గర ఎర్రగుడ్డ కట్టింది. "రేపటి పోటు ఈ గుడ్డ దాకా వస్తుందని నా అంచనా. నీళ్ళకీ గుడ్డకీ ఎంత తేడా వచ్చిందో చూసి గురవయ్య గారి ఫోన్లో చెప్పండి. గుడ్డను మాత్రం ముట్టుకోకండి. మనం ఏం చేసినా ఆ తేడా తగ్గించడానికే, గుర్తుపెట్టుకోండి."

మర్నాడు పోటు వచ్చింది. నీళ్ళు గుడ్డకు జానెడు కింద ఆగిపోయాయి.

"తేడా వచ్చింది" అన్నాడు మసేను దిగులుగా.

"వస్తే తగ్గించమంది కదా. జానెడు నీళ్ళు తక్కువయ్యాయి, అంతేగా? పోస్తే సరి" అంది నూకాలమ్మ.

అంతే, బిందెలు, కుండలు, కూర గిన్నెలు అన్నీ బయటికొచ్చాయి. ఏట్లోంచి నీళ్ళు ముంచడం, తెచ్చి కర్ర దగ్గర ఏట్లో పోయడం. చెమటలు కక్కుతూ పోశారు. నీళ్ళు పెరగకపోగా ఇంకా దిగిపోయాయి. పోటు పోయి ఆటు మొదలైంది మరి.

పోలన్న ఆలోచించాడు. "వదినా, మనం ఏట్లోంచి తీసి ఏట్లోనే పోస్తున్నాం. పెరగమంటే ఎలా పెరుగుతాయి?"

"నిజమే" అంది నూకాలమ్మ. "ముందే చెప్పొద్దా? బావిలోంచి పోద్దాం."

ఇంకేముంది, ఊరి మంచినీళ్ళ బావి ఖాళీ అయింది. సాయంత్రం ఆడవాళ్ళు చేదలు వేస్తే అడుగున బురద తగిలింది. గురవయ్య వచ్చి ఇంటిముందు నిలబడ్డాడు.

"ఏరా ఎల్లాజీ, బావి నీళ్ళేం చేశారు?"

"సముద్రానికి అప్పిచ్చాం మావా. రేపటి పోటుకు తెచ్చిస్తుంది."

గురవయ్య ఫోన్ చేసి వాళ్ళ చేతికిచ్చాడు. వైదేహి గారు బిందెల సంగతి మొత్తం వింది. చివరికి ఓపిగ్గా చెప్పింది. "పోటును పెంచేది మనం కాదు ఎల్లాజీ. చంద్రుడు. చంద్రుడు నిండుగా ఉంటే పోటు కూడా నిండుగా వస్తుంది. తగ్గుతూపోతే పోటూ తగ్గుతుంది. చంద్రుడు భూమికి దగ్గరగా వస్తే ఇంకా ఎక్కువ. అందుకే చంద్రుణ్ణి జాగ్రత్తగా చూసుకోవాలి."

ఫోన్ పెట్టేశాక ఎల్లాజీ తల పంకించాడు. "పోటు చంద్రుడి వల్లేనంట."

"ఏ చంద్రుడు?" అన్నాడు మసేను. "ఆకాశంలో చంద్రుడా?"

"ఆకాశంలో ఉన్నోణ్ణి మనమెలా చూసుకుంటాం? నిచ్చెనేది? చదువుకున్న మనిషి, జరిగే పనే చెప్తుంది" అంది నూకాలమ్మ. "జీళ్ళమ్ముకునే చంద్రుడై ఉంటాడు."

పక్క ఊరి చంద్రుడు సైకిలు మీద జీళ్ళు, పప్పుండలు అమ్ముకుంటూ రెండు రోజులకోసారి వచ్చేవాడు. సన్నగా, రివటలా ఉంటాడు. నెలలో ఒక్కపూట కూడా కడుపు నిండదని అందరితో చెప్పుకుంటాడు.

"అదీ సంగతి" అన్నాడు ఎల్లాజీ. "వాడు నిండుగా లేకనే నీళ్ళు జానెడు తక్కువయ్యాయి."

మర్నాడు చంద్రుడు రాగానే సైకిలు పట్టుకుని ఆపేశారు. కర్ర పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. దగ్గరుండాలన్నారు కదా అని ఇంకాస్త దగ్గరికి జరిపి, కాళ్ళు నీళ్ళలో పెట్టించారు. పీతల ఇగురు, రొయ్యల వేపుడు, చేపల పులుసు. చంద్రుడు మొదట భయపడ్డాడు. ముద్ద నోట్లోకెళ్ళాక భయం పోయింది.

"నిండిందా?" అని అడిగాడు మసేను.

"ఇంకా కాస్త చోటుంది" అన్నాడు చంద్రుడు.

చిత్రమేమిటంటే, అవి పున్నమి ముందు రోజులు. పోటు రోజురోజుకీ పెరిగింది. చంద్రుడికి పొట్ట కూడా పెరిగింది. పున్నమి నాటికి నీళ్ళు గుడ్డను ముద్దాడాయి. బుర్రోళ్ళ ఆనందం చెప్పనలవి కాదు. చంద్రుడి బుగ్గలు నిమిరి, "నువ్వు లేకపోతే ఈ ఊరు ఏమైపోయేదయ్యా" అంది నూకాలమ్మ. ఆ మాటకు చంద్రుడి కళ్ళు చెమర్చాయి. పుట్టి బుద్ధెరిగాక అతనికి ఎవరూ ఆ మాట అనలేదు.

ఆ రాత్రి పీతలు తిరగబడ్డాయి. చంద్రుడికి విరేచనాలు పట్టుకున్నాయి. రోజురోజుకీ చిక్కిపోయాడు. పున్నమి వెళ్ళిపోయింది, పోటు కూడా రోజురోజుకీ తగ్గింది.

"చంద్రుడు తగ్గుతున్నాడు, నీళ్ళు తగ్గుతున్నాయి" అన్నాడు పోలన్న. "ఆఫీసరమ్మ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం పొల్లుపోలేదు."

ఎలాగైనా నింపాలని నలుగురూ గిన్నెలు పట్టుకుని వెళ్ళేసరికి చంద్రుడు సైకిలెక్కి పారిపోయాడు. మళ్ళీ ఆ దారి తొక్కలేదు.

చంద్రుడు లేడు. ఫోన్లో చెప్పడానికి తేడా మాత్రం మిగిలింది. ఆ పూట గుడ్డ పైనుంది, నీళ్ళు కిందున్నాయి. నలుగురూ కర్ర చుట్టూ గొంతుక్కూర్చున్నారు.

"నీళ్ళు పైకి రాకపోతే..." అని ఆగాడు పోలన్న. అతని బుర్రలో ఏదో మెరిసింది. "గుడ్డే కిందికి రావొచ్చు కదా."

"గుడ్డ ముట్టుకోవద్దంది" అన్నాడు ఎల్లాజీ.

"గుడ్డ ఎవడు ముట్టుకుంటాడు? కర్ర ముట్టుకుంటాను."

పోలన్న దుడ్డుకర్ర తెచ్చి కొలకర్ర నెత్తిన నాలుగు దెబ్బలు వేశాడు. కర్ర బురదలోకి దిగింది. గుడ్డ నీళ్ళను తాకింది. తేడా పోయింది. నూకాలమ్మ మరిది తల మీద చెయ్యి పెట్టి, కాలుతోందేమోనని చూసింది. అంత బుర్ర వాడితే వేడెక్కదా మరి.

ఇక రోజూ అదే పని. నీళ్ళు తగ్గితే కర్రను దిగగొట్టడం, పెరిగితే ఊపి పైకి లాగడం. "ఇవాళ్టి నా లెక్కకూ నీళ్ళకూ తేడా ఎంత?" అని వైదేహి గారు ఫోన్లో అడిగితే, "లేదండి" అని జవాబు.

వైదేహి గారికి మొదట నమ్మకం కుదరలేదు. "వెంట్రుకవాసి కూడా లేదా?" అంది.

"వెంట్రుక పెట్టి చూశామండి. వదిన వెంట్రుకే. తడిసింది."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ లెక్క ఒక్కసారి కూడా అంత సరిగ్గా రాలేదట. ఆఫీసులో అందరికీ మిఠాయి పంచిందని తర్వాత తెలిసింది. ధైర్యం వచ్చి, పున్నమికి లాగే అమావాస్యకూ పోటు పెరుగుతుంది కాబట్టి, అమావాస్య వెళ్ళాక విదియ నాడు పొద్దెక్కేసరికి పెద్ద పోటు వస్తుందని, కొత్త నావను అప్పుడు దించుకోవచ్చని గురవయ్యకు చెప్పింది. తనూ చూడ్డానికి వచ్చింది.

ఆ రోజు ఊరంతా ఒడ్డునే ఉంది. నావకు పసుపు రాశారు, వేపమండలు కట్టారు. గురవయ్య కొత్త పంచె కట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని నావ ముక్కున నిలబడ్డాడు. వైదేహి గారు కర్ర వైపు చూసింది. నీళ్ళు ఎర్రగుడ్డను తాకి మిలమిలలాడుతున్నాయి.

"వచ్చేశాయి. దించండి" అంది.

తాళ్ళు వదిలారు. దుంగల మీద నావ జరజరా జారింది. ఇంకేముంది, నీళ్ళుండాల్సిన చోట బురదుంది. నావ ముక్కు పెట్టి దిగబడిపోయింది. గురవయ్య గాల్లో లేచి, కొబ్బరికాయతో సహా, ఆ బురదలో నడుందాకా కూరుకున్నాడు. కాయ మాత్రం పగల్లేదు.

బురదలోంచి గురవయ్య గొంతు ఒక్కటే వినిపించింది. "అమ్మా, నీళ్ళు ఎక్కడికొచ్చాయన్నారు?"

వైదేహి గారు కర్ర దగ్గరికెళ్ళింది. ఆమె పాతించినప్పుడు అది మనిషెత్తు ఉండేది. ఇప్పుడు నడుముకు అందుతోంది.

"కర్ర ఎందుకు కురచైంది?" అంది.

"కురచ కాలేదండి, కిందికి వెళ్ళింది" అన్నాడు పోలన్న, ఎంతో వినయంగా. "తేడా తగ్గించామండి."

ఆవిడ అక్కడే ఇసుకలో కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియలేదు. నావ గట్టిది కాబట్టి విరగలేదు. ఊరంతా పట్టి సాయంత్రానికి వెనక్కి లాగారు. ఆవిడ వెళ్ళేముందు కొత్త కర్ర పాతించి బుర్రోళ్ళను కూర్చోబెట్టి చెప్పింది. "తప్పు వస్తే రానివ్వండి. తప్పు ఎంతో తెలిస్తేనే లెక్క బాగుపడేది. మీరు చేయాల్సింది ఒక్కటే. ఈ కర్ర కదలకూడదు. అవసరమైతే ఎప్పటికీ కదలనిదేదైనా చూసి దానికి గట్టిగా కట్టేయండి."

ఆ రాత్రి ఎల్లాజీ అన్నం ముట్టలేదు. "ఊరందరి నావ. మన వల్ల పోయేది" అన్నాడు. పెళ్ళైన దగ్గర్నుంచి అతను అంత నెమ్మదిగా మాట్లాడ్డం నూకాలమ్మ వినలేదు.

"ఈసారి తప్పు చెయ్యం" అంది ఆమె. "కర్రను కదలనివ్వం. అంతే."

గురవయ్య కూడా ఒక తీర్మానం చేసుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా రేవు అవతల ఇంకో కర్ర పాతించి, తన పెళ్ళాం చేత సంత మాన్పించి దాన్ని చూసే పని ఆమెకు అప్పగించాడు. వైదేహి గారికి ఫోన్లో వెళ్ళే అంకెలు ఇక ఆమెవే. తప్పులు తప్పులుగానే వెళ్ళాయి. వాటిని పట్టుకుని ఆవిడ లెక్క దిద్దుకుంటూ పోయింది. పది రోజులు గడిచేసరికి ఆ లెక్కకూ మొగపాలెం నీళ్ళకూ చక్కగా కుదిరింది. వచ్చే పున్నమి పొద్దుట దించుకోండి, ఈసారి ఢోకా లేదు అంది.

బుర్రోళ్ళకు ఈ సంగతులేవీ తెలియవు. వాళ్ళ బాధ వాళ్ళది. పున్నమి దగ్గరపడి నీళ్ళ ఉరవడి పెరిగింది. కర్ర అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది.

"ఎప్పటికీ కదలనిది చూడమంది" అన్నాడు ఎల్లాజీ. "మనూళ్ళో కదలనిదేముంది?"

అందరూ తీవ్రంగా ఆలోచించారు. చెట్టు గాలికి కదులుతుంది. గొడ్డు మేతకు కదులుతుంది. ఇల్లు తుఫానుకు కదులుతుంది.

"మన నావ" అన్నాడు మసేను. "ఊళ్ళో నావలన్నీ వేటకెళ్ళి వస్తున్నాయి. మనది ఎన్నేళ్ళుగానో ఇంటిముందే ఉంది. ఒక్కసారి కూడా ఎక్కడికీ వెళ్ళలేదు."

ఆ మాటకు ఎదురులేదు. పున్నమి నాడు పొద్దున్నే కర్రను పీకి, నావ పక్కన నీళ్ళలో నిలువుగా పెట్టారు. కట్టడానికి గట్టి తాడు కావాలి. ఇల్లంతా వెతికినా కనిపించలేదు. చివరికి పోలన్నకు కనిపించింది. నావను గుంజకు కట్టిన తాడు. మోకు లావున ఉంది.

"కదలని నావకు కట్టెందుకు? దండగ" అన్నాడు. అంతే, గుంజ నుంచి తాడు విప్పేసి, దాంతో కర్రను నావకు బిగించి కట్టేశారు.

నలుగురూ నావెక్కి కూర్చున్నారు. నూకాలమ్మ చద్దన్నం మూట కూడా తెచ్చింది. ఎల్లాజీ కర్ర మీదికి వంగి చూశాడు. నీళ్ళు నడిమి గీత దగ్గరున్నాయి. పోటు పెరిగింది. నావ తేలి పైకి లేచింది, కర్ర కూడా దానితో లేచింది. నీళ్ళు నడిమి గీత దగ్గరే ఉన్నాయి. అన్నాలు తిన్నారు. నడిమి గీత దగ్గరే ఉన్నాయి.

"అన్నా" అన్నాడు మసేను మెల్లగా, "సముద్రం ఆగిపోయింది."

"కర్ర కదలకపోయేసరికి దానికి కూడా బుద్ధొచ్చింది" అన్నాడు ఎల్లాజీ. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇక ఆటూ లేదు, పోటూ లేదు. ఏ నావా ఇరుక్కోదు. ఈ మంచి మన చేతులమీదుగా జరగాలని రాసిపెట్టి ఉంది."

సరిగ్గా అప్పుడే రేవు అవతల వైదేహి గారి లెక్క ప్రకారం, ఆవిడ చెప్పిన వేళకే పోటు నిండింది. కొత్త నావ దుంగల మీంచి జారి నీళ్ళలో హంసలా తేలింది. జనం ఈలలు వేశారు. గురవయ్య ఈసారి కాయ పగలగొట్టాడు. కాసేపటికి పోటు తిరిగి ఆటు మొదలైంది. ఏరంతా మొగలోంచి సముద్రంలోకి లాగడం మొదలెట్టింది. బుర్రోళ్ళ నావ కూడా ఆ లాగుడుకు బయల్దేరింది.

"ఏమయ్యా" అంది నూకాలమ్మ, "మన ఇల్లు చిన్నదైపోతోంది."

ఎల్లాజీ కర్ర చూశాడు. "నీళ్ళు గీత మీదే ఉన్నాయి. మనం కదల్లేదు."

"మరి ఇల్లు పోతోంది. గురవయ్య మావ ఇల్లు కూడా పోతోంది. గుడీ పోతోంది."

"పోనీ. ఆఫీసరమ్మ నీళ్ళ సంగతి చెప్పమంది గాని ఊరి సంగతి చెప్పమనలేదు" అన్నాడు మసేను.

అది ఎవరో చూసి గురవయ్యకు చెప్పారు. ఇంకేముంది, కొత్త నావ మొదటి ప్రయాణం చేపల కోసం కాకుండా బుర్రోళ్ళ కోసం పెట్టుకోవాల్సి వచ్చింది. గురవయ్య, ఇద్దరు తెడ్లవాళ్ళు ఎక్కి గబగబా తోసుకుంటూ మొగ దాటి, అవతలి ఇసుక మేట దగ్గర వాళ్ళను అందుకున్నారు.

"ఎక్కడికి పోతున్నార్రా?" అన్నాడు గురవయ్య, ఆయాసపడుతూ.

"మేం ఎక్కడికీ పోలేదు మావా" అన్నాడు ఎల్లాజీ జాలిగా. "ఊరే కొట్టుకుపోతోంది. నువ్వు దాంట్లోంచి దిగి వచ్చావు, మంచిపని చేశావు."

గురవయ్యకు వాదించే ఓపిక లేదు. ముందు ఆ నావ ఆగితే చాలనుకున్నాడు. "లంగరు వెయ్యరా పోలన్నా" అన్నాడు.

"దేనికి వెయ్యమంటావు మావా?"

"నావకిరా."

పోలన్న ఆలోచించాడు. తమ నావ కదలదు. కదలని దానికి లంగరెందుకు? కదులుతూ వచ్చింది మావ నావ. అంతే, తమ నావలో ఎన్నేళ్ళుగానో పడున్న ఇనుప లంగరును రెండు చేతులా ఎత్తి, గురి చూసి, కొత్త నావలో వేశాడు. అది అడుగు చెక్కను చీల్చుకుని కిందికి వెళ్ళిపోయింది. ఆ కన్నంలోంచి నీళ్ళు బుడబుడమంటూ లేచాయి. మేట మీద నడుం లోతే కాబట్టి ప్రాణాలకు భయం లేదు గాని, కొత్త నావ నెమ్మదిగా కూర్చోవడం మొదలెట్టింది. గురవయ్య చీలమండలు మునిగాయి. పిక్కలు మునిగాయి. ఆయన కోపాన్ని కూడా మర్చిపోయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఎల్లాజీ గబగబా తాడు విప్పి, కొలకర్ర చేత్తో పట్టుకుని, ఒక్క గెంతులో ఆ నావలోకి దూకాడు. కర్రను గురవయ్య కాళ్ళ పక్కన నిలువుగా ఆనించి పట్టుకుని, గీతల మీదికి వంగాడు.

"కదలకు మావా" అన్నాడు. "పోటు నీ నావలోకి వచ్చింది. ఏ గీత దాకా వస్తుందో చూసి అమ్మగారికి చెప్పాలి."